పరదేశ ప్రయాణము - స్వస్థల ఋణము

విశాఖపట్టణము నుండి అరకులోయకు పోవు రైలుమార్గము సొరంగముల గుండా కొండలెక్కును. కొత్తవలస మొదలు కిరండూలు వరకు గల ఈ దారిలో 58 సొరంగములున్నవి. నడుమనున్న శిమిలిగుడ స్టేషను సముద్రమట్టమునకు 996 మీటర్ల ఎత్తున నున్నది. 1960వ దశకమున ఈ దారి వేసినది యాత్రికుల కొరకు కాదు. బైలదిల్లా కొండలలోని ఇనుప ఖనిజమును విశాఖ రేవుకు దింపి, అచటి నుండి జపానుకు పంపుటకు వేసిరి. పిదప ఆ కొండల నుండియే కాఫీగింజలు సముద్రము దాటినవి. 2017లో పారిస్ నగరమున అరకు పేరనే ఒక కాఫీ అంగడి వెలసినది. 2019లో అరకులోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించినది. రాయి పోయినది, గింజ పోయినది. ఇప్పుడు మనుష్యులు పోవుటకు సిద్ధపడుచున్నారు.

రాయికి గాని గింజకు గాని ఎవరిని విడిచి పోవుచున్నామన్న చింత ఉండదు. మనిషికి ఉండును, ఉండవలెను. ఇల్లు విడిచి దేశాంతరము పోవువారు తమతో ఏమి తీసికొనిపోవచ్చును, ఏమి విడిచిపోవచ్చును, విడిచినదానికి ఎవరికి జవాబు చెప్పవలెను అను ప్రశ్న క్రొత్తది కాదు. ఐనను మన్యపు కొండలలో అడిగినపుడు దాని తీవ్రత వేరుగా నుండును. ఆ కొండలకును వీరశైవమునకును చుట్టరికము తక్కువయే. కాని స్థావర జంగమ విచారము శరణుల సొత్తు. ఆ విచారమును గీసి చూచుటకు ఇంతకంటె గట్టి ఒరపిడిరాయి మరియొకచోట దొరకుట అరుదు.

పాఠకులు తమ మనస్సులో ఒక గిరిజన యువతిని నిలుపుకొందురు గాక. ఆమె పేరుతో పనిలేదు. ఇంటిపేరు మాత్రము పాంగి. అరకు ప్రాంతపు వంశనామములు చిత్రమైనవి. కిల్లో అనగా పులి, కొర్రా అనగా సూర్యుడు, వంతాల అనగా పాము, గొల్లోరి అనగా కోతి, పాంగి అనగా గ్రద్ద. ఒకే వంశమువారు తమలో తాము పెండ్లాడరు. ఈ యువతి ఇంటిలో మాటాడునది ఆదివాసీ ఒరియా. బడిలో తెలుగు నేర్చినది, నర్సింగు కళాశాలలో ఇంగ్లీషు నేర్చినది. నాలుగేండ్లు చదివి పట్టా పుచ్చుకొన్నది. ఇప్పుడు నాలుగవ భాషగా జర్మను నేర్చుచున్నది. ఐరోపావారు భాషాజ్ఞానమును ఆరు మెట్లుగా విభజించిరి. నర్సుగా పనిచేయగోరు విదేశీయులు సాధారణముగా అందులో నాలుగవదగు బి-2 మెట్టు ఎక్కవలెను. ఆ దేశమున వృద్ధులు ఎక్కువ, సేవచేయు చేతులు తక్కువ. కనుక పిలుపు వచ్చినది.

పాస్‌పోర్టు, పట్టాల ధ్రువీకరణ, వైద్యపరీక్ష, వీసా, చలికోటు - ఈ పట్టికను ఏజెంటు ఇచ్చును. (ఆ ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద నమోదైనవాడా కాడా అని చూచుకొనుట అన్నిటికంటె ముందటి పని. నమోదు కానివాని చేతిలో పాస్‌పోర్టు పెట్టుట కంటె నూతిలో వేయుట మేలు.) కాని ఇంకొక పట్టిక కలదు. దానిని వ్రాసి యిచ్చువారెవరును ఉండరు. పోవువారు తామే వ్రాసికొనవలెను.

ఆ పట్టికలో మొదటి పంక్తి కఠినమైనది: అసలు పోవచ్చునా?

మన్యమున రోడ్డు చేరని గూడెములు నేటికిని కలవు. అట్టిచోట ప్రసవవేదన పడు స్త్రీని డోలీలో మోసికొని పోవుదురు. డోలీ యనగా పల్లకి కాదు. కర్రకు దుప్పటి కట్టి, అందులో రోగిని పరుండబెట్టి, ఇద్దరు భుజముల మీద మోయుచు, వాగులు దాటి, వాహనము నిలుచు చోటికి దించుట. అట్టి కొండలలో పుట్టి, నర్సువిద్య నేర్చిన బిడ్డ ఆ డోలీకి ఎదురుగా నడచి విమానమెక్కుట న్యాయమా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఒక నియమావళిని ఆమోదించినది. వైద్యసిబ్బంది మిక్కిలి కొరతగా నున్న దేశముల నుండి వైద్యులను, నర్సులను సంపన్న దేశములు పనిగట్టుకొని చేర్చుకొనిపోరాదని దాని సారము. అట్టి దేశముల పట్టికను 2023లో ప్రకటించినపుడు అందు 55 పేర్లు ఉండెను. భారతదేశము పేరు లేదు. దేశము మొత్తము మీద లెక్క సరిపోవచ్చును. కాని లెక్కలు దేశమునకు కట్టుదురు, డోలీ మోయునది గూడెమువారు. పట్టిక తప్పని చెప్పుట కాదు. పట్టిక చూచి మనస్సు నెమ్మది చేసికొనుట కుదరదని మాత్రమే.

ఇంతవరకు వచ్చిన పాఠకుడు, "ఐతే ఆ పిల్ల పోరాదు" అని తీర్పు చెప్పుటకు సిద్ధపడవచ్చును. అతడు కొంచెము ఆగవలెను. మఠములకు వచ్చిపోవు కుటుంబములలో అమెరికాలో కొడుకో, దూరనగరములో కూతురో లేని ఇండ్లు ఎన్ని? ఆ పిల్లలు చదివిన చదువులో ప్రజల సొమ్ము లేదా? వారు పుట్టిన పల్లెలలో ఇంజనీర్లకు, వైద్యులకు పని లేకపోయెనా? త్యాగమును ఇతరుల బిడ్డలకు బోధించుట బహుసులభము. మైదానములవారు తమ బిడ్డలను ఎన్నడో పంపివైచి, కొండబిడ్డ మాత్రము కొండకు కట్టుపడి యుండవలెననుట ధర్మము కాదు, పెత్తనము. డోలీ దారిలో రోడ్డు వేయవలసినది ఆమె కాదు. ఆమె ఉండిపోయినంత మాత్రమున రోడ్డు పడదు.

కనుక పోరాదని శాసించు హక్కు బయటివారికి లేదు. అయితే నిషేధించువారు లేరన్నంత మాత్రమున ఋణము లేకపోదు. ఆ ఋణమేదో విచారింపవలెను.

వీరశైవుడు దేవుని దేహము మీద ధరించును. దేవాలయమునకు పునాది కావలెను, రాయి కావలెను. దేహాలయము ఎక్కడికైనను నడచును. స్థావరముకంటె జంగమమే మిన్న యని బసవేశ్వరుని బోధ. పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో విప్లవము చెలరేగి, శరణులు చెల్లాచెదరైనపుడు ఆ బోధయే వారిని కాపాడినది. గుడి కూలినది యని విలపింపవలసిన పని వారికి లేకపోయినది. లింగము వారితోనే నడచినది. కన్నడనాట పుట్టిన ఆ శరణుల కథ పాల్కురికి సోమనాథుని చేతిలో తెలుగుకావ్యమై, మరియొక భాషలో ఇల్లు కట్టుకొన్నది. ఇష్టలింగధారికి కూడలసంగమమైనను, బెర్లినైనను పూజకు కొరతలేదు. విదేశములలో ఇరుకు గదులలో కాపురముండు లింగాయత కుటుంబములకు ఇది గొప్ప ఊరట.

కాని ఊరటలోనే ఒక ప్రమాదము పొంచియున్నది. "లింగము నా మెడలో నున్నది, ఊరితో నాకేమి పని?" అని ఎవడైన అనవచ్చును. అనుచున్నవారును కలరు. బోధను ఇట్లు త్రిప్పుకొనుట తేలిక. జంగముడనగా కదలువాడని మాత్రమే అర్థమైనచో గాలికిని, ఏటికిని ఆ పేరు చెల్లవలెను. జంగముడు ఇల్లు లేనివాడు; తన కొరకు కాక పరుల వాకిలికి నడచువాడు. తన ఇంటిని పెద్దదిగా కట్టుకొనుటకై కదలినవాడు సంపాదనపరుడు. సంపాదన దోషము కాదు, గృహస్థునకు విధియే. కాని దానికి జంగమత్వమని పేరు పెట్టుకొని, స్థావరమును - అనగా ఊరిని, భూమిని, అచట మిగిలిన ముసలివారిని - తక్కువగా చూచుట బసవని మాట కాదు.

గిరిజన యువతికి ఈ తప్పుదారి లేనే లేదు. ఆమె దేవతలు ఊరిలో నిలిచిన రాళ్లు, చెట్లు, కొండలు. అవి పెట్టెలో పట్టవు. పంట చేతికి వచ్చినపుడు ముందుగా దేవతకు, పితరులకు అర్పించి "కొత్త" జరుపుకొనుట ఆ కొండలలో ఆచారము. మామిడికి ఒక కొత్త, కందికి ఒక కొత్త. అది జరుగనిదే క్రొత్తపంటను నోట పెట్టరు. ఈ దేవత ఎక్కడికిని రాదు. ఈ పండుగ ఒంటరిగా జరుగదు. కనుక దేశము వీడునపుడు ఆమె పోగొట్టుకొనునది లింగధారి పోగొట్టుకొనుదానికంటె ఎక్కువ. ఆమె దేహముతో వచ్చునది వంశనామమొక్కటే. పాస్‌పోర్టులో అది అచ్చుపడియుండును. పరదేశపు విమానాశ్రయములో అధికారి దానిని అయిదారక్షరములుగా చదివి ముద్రవేయును. అది గ్రద్ద యని, ఆ పేరుగల ఇంటిలో ఆమె పెండ్లాడరాదని అతనికి తెలియనక్కరలేదు. ఆమెకు తెలిసియున్న చాలును. ఆమె బిడ్డలకు తెలియునా అన్నది వేరు ప్రశ్న.

ఇక భూమి. విదేశయాత్రకు భూమి తెగనమ్ముట, తాకట్టు పెట్టుట మైదానములలో నిత్యము జరుగు పని. అప్పు తీరులోపల గట్టు మీది వేపచెట్టు పరుల పాలగును. మన్యమున ఇది అంత తేలిక కాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరించిన 1970 నాటి ఒకటవ నిబంధన - జనులు 1/70 చట్టమని పిలుచునది - షెడ్యూల్డు ప్రాంతపు భూమి గిరిజనేతరుల చేతికి పోకుండ అడ్డుగా నిలిచినది. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద వచ్చిన పట్టాభూమి వారసులకు సంక్రమించును గాని అమ్మకమునకు చెల్లదు. ఇది వెనుకబాటునకు కారణమని వాదించువారు కలరు. దేశము వీడువారి దృష్టితో చూచినచో ఇది ఒక వరము. టిక్కెట్టు కొరకు తాతల నేలను దిగమ్రింగు అవకాశమును చట్టమే తొలగించినది. తిరిగి వచ్చినను రాకున్నను నేల అక్కడనే యుండును.

నేల ఉండును. పని కూడ ఉండును. అసలు ఋణము ఇచటనే పుట్టుచున్నది.

కాఫీమొక్క నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపుకు రాదు; కూతురి నర్సింగు చదువు ఎంతో, అదియు నంతే. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు పండ్లు కోయవలెను. అన్నియు ఒకేసారి పండవు. ఎర్రబడినవానిని మాత్రము ఏరి, పచ్చివానిని విడిచి, కొన్ని దినములకు మరల అదే చెట్టు కడకు రావలెను. కోసినవాని తోలు తీయవలెను, కడుగవలెను, ఎండలో త్రిప్పుచు ఆరబెట్టవలెను. నీడకై పెంచిన సిల్వరోకు చెట్లకు ప్రాకిన మిరియపుతీగ కోతయు ఉన్నది. ఇవి గాక వంటచెరకు, నీరు, కలుపు, పశువులు. కూతురు సెలవులకు వచ్చినపుడెల్ల తన వంతు చేసెడిది. ఆమె జర్మనీ పోయినచో ఆ వంతు గాలిలో కలసిపోదు. ఎవరి వీపు మీదనో చేరును. సామాన్యముగా అది వదినగారి వీపు.

ఈ బదిలీని ఏ పుస్తకమునను వ్రాయరు. పిల్ల పంపిన డబ్బు తండ్రి ఖాతాలో పడును, లేదా అన్న ఖాతాలో. ఇంటికి రేకులు పోయి స్లాబు వచ్చును. ఊరివారు "కూతురి చలువ" యందురు. వదిన రెండు బుట్టల పండ్లు అధికముగా కోసినదన్న మాట ఎవరికిని తోచదు. ఆమెకు సైతము తోచదు. ఇంటిపని ఆమెది గదా యనుకొందురు. పరదేశపు జీతములో కొంత భాగము పుట్టినది ఆ కాఫీతోటలోననుట అతిశయోక్తి కాదు. వదిన ఉండబట్టియే ఆడబిడ్డ పోగలిగినది.

కనుక ప్రయాణమునకు ముందు ఇంటివారందరును ఒక పూట కూర్చుండవలెను. ఏ పని ఎవరు చేయుచుండిరి, ఇకమీద ఎవరు చేయుదురు, తల్లి మోకాళ్లు ఇంకెన్నాళ్లు వాలు ఎక్కనిచ్చును - ఇవి పేరుపేరున చెప్పుకొనవలెను. పంపబోవు డబ్బులో వదిన శ్రమకు తగినంత ఆమె పేరనే, ఆమె ఖాతాలోనే పడునట్లు ఏర్పాటు చేయవలెను. దీనిని దయ యనరాదు, ఇది కూలి. పరదేశము నుండి మఠమునకో, గుడికో విరాళము పంపుట ఆపైని మాట. కూలి బాకీ పెట్టి చేసిన దానమును దాసోహమని బసవాది శరణులు ఒప్పుకొందురా? కాయకమునకు మొదటి స్థానమిచ్చినవారు పరుల కాయకమును కనబడనీయని దానమును ఎట్లు ఒప్పుదురు?

ఎంత సంపాదించిన చాలును అన్న ప్రశ్న కూడ ఆ పూటనే రావలెను. ఆయ్దక్కి మారయ్య కల్యాణములో రాలిన బియ్యపు గింజలేరి జీవించినవాడు. ఒకనాడతడు అవసరమునకు మించి తేగా, అతని భార్య లక్కమ్మ ఆ మిక్కిలిని తిరిగి యచటనే పోసి రమ్మని పంపినదని శరణచరిత్రలు చెప్పుచున్నవి. నేటి కుటుంబములో లక్కమ్మ వలె మాటాడువారు దొరకుట కష్టమే. ఐనను ఆమె ప్రశ్న కొండ మీది ఇంటికిని చెల్లును. తమ్ముని చదువు, తల్లి వైద్యము, చిన్న ఇల్లు - ఇందుకై పోవుచున్నచో అవి నెరవేరిన నాడు ఏమి చేయుదురు? గమ్యమును ముందుగా చెప్పుకొననివారికి గమ్యము ప్రతి ఏడును ఒక కోసు ముందుకు జరుగును.

మరియొక మారయ్య కలడు: మోళిగె మారయ్య. కాశ్మీరదేశపు రాజై యుండి, సింహాసనము విడిచి, భార్య మహాదేవితో కల్యాణము చేరి, కట్టెలు కొట్టి అమ్ముకొని జీవించెనని సంప్రదాయము. దేశాంతరము పోవువారు సాధారణముగా పైమెట్టునకు పోవుదురు. ఇతడు క్రిందిమెట్టునకు దిగెను. అదియటుండ నిచ్చి, క్రొత్తదేశమున అతడు అతిథిగా కూర్చుండలేదన్నది గమనింపదగినది. వచ్చిన నాడే కట్టెలమోపు నెత్తికెత్తుకొనెను. అరకు సంతకు కట్టెలమోపులు మోసిన కుటుంబములో పుట్టిన పిల్లకు ఈ కథ వినిపించినచో ఆమె రాజును గూర్చి కాక మోపు బరువును గూర్చి అడుగును. జర్మనీలో ఆమె పని ముసలివారిని లేవనెత్తుట, స్నానము చేయించుట, మందిచ్చుట. అది ఎవరి తల్లి యన్న భేదము కాయకమునకు లేదు. తల్లి యెక్కడిదైనను ఒడలు ఒడలే.

ఐనను ఆమె స్వంత తల్లి మంచము పట్టిన నాడు? ఆ దినమున జీతము, దాసోహము, శరణుల కథలు - ఏవియు ఆ ప్రశ్నను పూర్తిగా తీర్చలేవు. తీర్చునట్లు నటించుట ఒక విధమైన అబద్ధము. ఇంటింట చెప్పు అబద్ధము మరియొకటి కలదు: "రెండేండ్లలో వచ్చెదను."

ఈ రెండేండ్ల మాటకు తెలుగువారి చరిత్రలో పెద్ద సాక్ష్యమే యున్నది. మద్రాసులో బయలుదేరిన ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరినది. ఆ వరుసలో తరువాత పోయిన ఓడలలో తెలుగువారు వేలమంది. చెరకుతోటల ఒప్పందము గడువు తీరగానే తిరిగి వత్తుమని పోయినవారే అందరును. కొందరు వచ్చిరి, పెక్కుమంది అక్కడనే నాటుకొనిరి. వారి సంతతి 1931లో దక్షిణాఫ్రికాలో ఆంధ్ర మహాసభ స్థాపించుకొని భాషకై పెనగులాడవలసి వచ్చినది. బర్మాకు పోయినవారి కథ మరియొక విధము. ఉత్తరాంధ్ర తీరము నుండి రంగూను రేవుపనికి, బియ్యపు మరలకు పోయినవారు కూలి డబ్బు మూటగట్టి వచ్చెదమనిరి. 1942లో జపాను సేన వచ్చినపుడు లక్షలమంది భారతీయులు అడవులగుండ కాలినడకన మరలిరి. మిగిలినవారిలో పెక్కుమంది, 1964లో బర్మా ప్రభుత్వము దుకాణములను జాతీయము చేసిన పిమ్మట, ఆస్తి విడిచి ఓడలెక్కిరి. విశాఖపట్టణములో బర్మాక్యాంపు అను పేట వారి గుర్తుగానే మిగిలినది. ఆ ఓడలు దిగినవారిలో రంగూనులో పుట్టిన పిల్లలును ఉండిరి. వారు ఎన్నడును చూడని ఊరికి "తిరిగి" వచ్చిరి. పోవువారు తమ కొరకు మాత్రమే పోవుచున్నామనుకొందురు. పుట్టబోవువారి తరఫున కూడ ఆ కాగితము మీదనే సంతకము చేయుచున్నారు.

అందుచేత రెండేండ్లని చెప్పుటకంటె, "ఎప్పుడు వచ్చెదనో తెలియదు, నీకు జబ్బు చేసిన ఎవరు చూచెదరో ఇదుగో, వారితో మాటాడితిని" అని చెప్పుట తల్లికి మొదట నొప్పించినను తరువాత అక్కరకు వచ్చును. వాగ్దానమును పట్టుకొని ప్రతి సంక్రాంతికి దారి చూచుటకంటె ఆ నొప్పియే చిన్నది. కొండజనులు సత్యమును దాచుకొనువారు కారు. మెత్తగా అబద్ధమాడుట చదువుకొన్నవారి విద్య.

ఇట్టి సంభాషణ జరిగిన ఇంటిలో తల్లి అడుగబోవు ప్రశ్న తేదీని గూర్చి ఉండదు. అక్కడ బియ్యము ఎప్పుడు కోతకు వచ్చును, కొత్త కాకముందే తినవు గదా యని ఆమె అడుగవచ్చును. అక్కడ బియ్యము దుకాణములో సంచులలో వచ్చును. దానికి కొత్తయు లేదు, పాతయు లేదు. ఆ మాట తల్లికి చెప్పి ప్రయోజనము లేదు. కూతురు చేయగలిగినది ఒకటున్నది. ఊరిలో కొత్త జరిగినదని వదిన ఫోను చేయువరకు ఆ ఏటి క్రొత్త సంచి మూతి విప్పకుండ గది మూలను ఉంచవచ్చును.